నేను ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు, మరి నా మీద హక్కు ఎవరిది?

విజయవాడ భవానీపురం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెబితే: "నాకు 26 ఏళ్ళు. పన్ను కడుతున్నాను, చట్టాన్ని పాటిస్తున్నాను. రాజ్యం ఒక ఒప్పందం వల్ల పుట్టిందని చదివాను. అలాంటి ఒప్పందం మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. ఇంట్లో ఏ నిర్ణయం తీసుకోవాలన్నా నాన్నగారు 'నలుగురూ ఏమనుకుంటారు' అంటారు. ఆ నలుగురికీ నేను ఏమీ రాసివ్వలేదు. అసలు వ్యక్తి గొప్పా, సమాజం గొప్పా, రాజ్యం గొప్పా?"

అమ్మా, నేను గుంటూరులో ముప్పై రెండేళ్ళు డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పాను. ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేసేవారు. మగపిల్లలు ఎక్కువగా గవర్నమెంటు గురించే అడిగేవారు. గవర్నమెంటునీ నలుగురినీ పక్కపక్కన పెట్టి అడిగేది దాదాపుగా ఆడపిల్లలే. వాళ్ళు అడిగిందే సరైన ప్రశ్న అని నాకు పాఠాలు చెప్పగా చెప్పగా తెలిసింది. మన పాఠ్యపుస్తకాల్లో "వ్యక్తి, రాజ్యం" అని ఒక అధ్యాయం ఉంటుంది. అందులో ఒక పక్క మనిషి, ఇంకో పక్క ప్రభుత్వం, మధ్యలో హక్కులు. మన ఊళ్ళలో మాత్రం ఇది మూడు పక్షాల వ్యవహారం. మనిషి, నలుగురు, రాజ్యం. వీటిలో ఏ రెండు కలిసి మూడోదాన్ని నలిపేస్తున్నాయో చూడకుండా ఏది గొప్ప అని తేల్చబోతే జవాబు తప్పే వస్తుంది.

ముందు సంతకం సంగతి చూద్దాం.

ఒప్పందం మాట గట్టిగా చెప్పిన తత్వవేత్త హాబ్స్ ఇంగ్లండులో అంతర్యుద్ధం నడిచిన కాలంవాడు. రాజు తల తెగింది, ఊళ్ళు తగలబడ్డాయి. పైన అధికారం లేకపోతే మనుషులు ఒకరినొకరు పీక్కుతింటారని, అందుకే అందరూ తమ బలాన్ని ఒకరి చేతిలో పెట్టి బతికి బయటపడాలని 1651లో రాశాడు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత అదే దేశపు తత్వవేత్త లాక్ వచ్చి, అధికారం ఇచ్చింది మన ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడటానికి కాబట్టి, అది కాపాడకపోతే తిరిగి తీసుకునే హక్కు మనకుందన్నాడు. రూసో 1762లో ఇంకో అడుగు వేశాడు. అందరూ కలిసి తమకు తాము చేసుకున్న చట్టాన్ని పాటించడంలోనే స్వేచ్ఛ ఉందన్నాడు. రూసో మాట వినడానికి ఎంత బాగుంటుందో అంత ప్రమాదం కూడా. "అందరి ఇష్టం ఇదే" అని ఎవడో ఒకడు ప్రకటించి, ఒప్పుకోనివాడి మెడ మీద కత్తి పెట్టడానికి అందులో చోటుంది.

మీ అభ్యంతరాన్ని 1748లోనే స్కాట్లండు తత్వవేత్త హ్యూమ్ చెప్పాడు. దేశంలో ఉంటున్నావు కాబట్టి ఒప్పుకున్నట్టే అనే వాదనకు ఆయన ఒక ఓడను చూపించాడు. నిద్రపోతున్న మనిషిని ఎత్తుకొచ్చి ఓడలో పడేశారు. మెలకువ వచ్చేసరికి చుట్టూ సముద్రం. "దిగలేదు కదా, అంటే కెప్టెన్ అధికారానికి ఒప్పుకున్నట్టే" అంటే ఎలా? దిగితే చావే. కాబట్టి సంతకం లేదన్న మీ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. మీరే కాదు, ఎవరూ పెట్టలేదు. అయితే సంతకం లేదు కాబట్టి బాధ్యతా లేదు అనడం మాత్రం కుదరదు. ఎందుకు కుదరదో నాకు పుస్తకాల్లో కంటే సింగ్‌నగర్‌లో బాగా అర్థమైంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తినప్పుడు మా అక్క సింగ్‌నగర్‌లో రెండో అంతస్తులో ఉంది. కింద ఇళ్ళు మునిగాయి. కరెంటు పోయింది, ఫోన్లు ఆగిపోయాయి. ఆ మూడు రోజులూ ఆ బిల్డింగ్‌కు రాజ్యం లేదు. కింది వాటాలవాళ్ళు మెట్లెక్కి పైకి వచ్చారు. ఎవరూ ఎవరినీ పీక్కుతినలేదు. మేడ మీద కూర్చుని మంచినీళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకున్నారు. ముందు పసిపిల్లలకీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకీ అని వాళ్ళే తీర్మానించుకున్నారు. ఒకే గ్యాస్ పొయ్యి మీద ఏడు కుటుంబాలకు అన్నం వండారు. రాజ్యం కంటే ముందే మనుషుల మధ్య ధర్మం ఉంటుందన్న లాక్ మాట ఆ మెట్ల దగ్గర నిజమైంది. వీధిలో నీళ్ళ మీద మాత్రం ఇంకో కథ. ఒక పడవవాడు మెయిన్ రోడ్డు దాకా దింపడానికి మనిషికి వేలల్లో అడిగాడు. అక్కడ హాబ్స్ నిజమయ్యాడు. ముఖాలు తెలిసిన మెట్ల మీద ఒక రకం, ముఖం తెలియని నీళ్ళ మీద ఇంకో రకం. రాజ్యం అవసరం మొదలయ్యేది ఈ రెండింటి మధ్యలోనే అని నా అభిప్రాయం. ఒకరికొకరు తెలియని లక్షలమంది కలిసి బతకాలంటే ముఖపరిచయం చాలదు.

ఇంకా లోతుకు వెళితే అసలు విషయం వేరే ఉంది. బుడమేరు సహజంగా కొల్లేరుకు పోయే వాగు. వరద నీటిని కృష్ణలోకి మళ్ళించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు, అక్కణ్ణుంచి డైవర్షన్ కెనాల్ ఉన్నాయి. ఆ కెనాల్‌కు గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది, అంతకుముందెన్నడూ అంత నీరు రాలేదు. గండ్లు పూడ్చడానికి చివరికి సైన్యం రావాల్సి వచ్చింది. ఇక వాగు పక్కన ఇళ్ళ సంగతి. అమ్మినవాళ్ళు ఇష్టపడే అమ్మారు, కొన్నవాళ్ళు ఇష్టపడే కొన్నారు, రిజిస్ట్రేషన్లు జరిగాయి, స్టాంపు డ్యూటీ ఖజానాకు చేరింది. ఒక్కొక్కటిగా చూస్తే ఏ ఒప్పందంలోనూ బలవంతం లేదు. అన్నీ కలిసి నీటి దారిని ఇరుకు చేశాయి. ఇద్దరు ఇష్టపడి చేసుకున్న ఒప్పందంలో రాజ్యం వేలు పెట్టకూడదని 1974లో అమెరికా తత్వవేత్త నాజిక్ చాలా పదునుగా వాదించాడు. ఆయన్ని చదివినప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న వస్తుంది. ఆ ఇద్దరి ఒప్పందం వల్ల మునిగిపోయే మూడోవాడి సంతకం ఎక్కడ? మీరు సంతకం పెట్టలేదని రాజ్యాన్ని అడుగుతున్నారు, న్యాయమే. మన పనుల వల్ల నష్టపోయేవాళ్ళు కూడా మనకు సంతకం పెట్టివ్వలేదు. బాధ్యత అక్కడ మొదలవుతుంది. రాజ్యానికి మన మీద ఉన్న హక్కు కూడా ఆ బాధ్యత మేరకే, అంతకు మించి లేదు.

(ఒక మాట. రాజ్యం వేరు, ప్రభుత్వం వేరు. ప్రభుత్వం ఐదేళ్ళకోసారి మారుతుంది. తహసీల్దారు ఆఫీసు, పోలీస్ స్టేషన్, కోర్టు, లాకుల దగ్గర గేట్లు ఎత్తే ఉద్యోగి, ఇవన్నీ అలాగే ఉంటాయి. పార్టీ మీద కోపంతో రాజ్యం గురించి మాట్లాడితే ఈ చర్చ ఎటూ పోదు.)

ఇక "ఇష్టం లేకపోతే దిగిపో" అనే మాటను నిజంగా పరీక్షకు పెట్టినవాళ్ళు మన ప్రాంతంలోనే ఉన్నారు. చీరాల, పేరాల ఊళ్ళను కలిపి బ్రిటిష్ ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు పెరిగాయి. ఎక్కువమంది పేదలు, నేతపనివాళ్ళు. మాకు మునిసిపాలిటీ వద్దన్నారు, ప్రభుత్వం వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో సుమారు 13 వేలమంది ఇళ్ళకు తాళాలు వేసి, మునిసిపల్ హద్దు దాటి, పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. హద్దు లోపల ఉంటేనే కదా పన్ను అన్నది వాళ్ళ తర్కం. ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చిన దుగ్గిరాలకు ఈ సిద్ధాంతాలన్నీ తెలిసే ఉంటాయి. ఆ మగ్గాలవాళ్ళకు తెలియకపోవచ్చు. హ్యూమ్ చెప్పిన ఓడలోంచి నిజంగా దిగి చూసింది మాత్రం వాళ్ళే. దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ తట్టుకున్నారు. దుగ్గిరాలను జైలుకు పంపాక ఉద్యమం నిలబడలేదు, వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ పాకలు కూడా బ్రిటిష్ నేల మీదే ఉన్నాయి మరి. హద్దు దాటితే ఇంకో హద్దు.

చీరాల కథ చెప్పినప్పుడు నా గొంతు ఇప్పటికీ మారుతుంది. రాజ్యం ముందు ఒంటరి మనిషి పన్ను కట్టనంటే జప్తు, జైలు, అంతే. నలుగురూ కలిస్తేనే 13 వేలమంది. రాజ్యం నుంచి మనిషిని కాపాడేది సమాజమే అని చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

అక్కడే ఆగిపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఇప్పటి జిల్లా లెక్కల్లో చీరాల, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. 1991లో చుండూరు గుంటూరు జిల్లాలో ఉండేది. సినిమా హాలు దగ్గర మొదలైన గొడవ తర్వాత దళితులను సాంఘికంగా వెలివేశారు. పొలం పనులకు పిలవడం మానేశారు. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. ఆ వారం క్లాసులో ఏం చెప్పాలో తెలియక పుస్తకం మూసి కూర్చున్నాను. చీరాలలో మనం మెచ్చుకున్నది దేన్ని? ఊరంతా ఒక్క మాట మీద నిలబడటాన్ని. చుండూరులో వెలివేతను నిలబెట్టింది కూడా అలా ఒక్క మాట మీద నిలబడటమే. సహకరించకపోవడం అనే ఆయుధం పైవాడి మీదికి తిరిగితే ఉద్యమం, కిందివాడి మీదికి తిరిగితే వెలి. ఐకమత్యం దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరి మీదికి తిరిగిందో చూడాలి.

రాజ్యం అప్పుడు ఏం చేసింది? 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఇరవై మూడేళ్ళు. నలుగురి నుంచి కాపాడాల్సిన రాజ్యంలో కూడా ఉండేది ఆ నలుగురిలోంచి వచ్చినవాళ్ళే. సాక్ష్యం చెప్పేవాడు, కేసు రాసేవాడు, వాదించేవాడు అందరూ ఏదో ఒక ఊరివాళ్ళే, ఏదో ఒక కులంవాళ్ళే. చట్టం అయితే మెరుగైంది. 2015 సవరణలో సాంఘిక బహిష్కరణను కూడా నేరంగా చేర్చారు. చట్టం పుస్తకంలో చేరినంత త్వరగా మనిషి తలలో చేరదు.

అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని అంత తీవ్రంగా విమర్శించడానికి కారణం ఇదే. గ్రామాన్ని సంకుచితత్వపు గుంట అన్నారు. రాజ్యాంగ ముసాయిదా గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. గాంధీ గ్రామాన్ని మధ్యలో పెట్టి ఆలోచించారు, అంబేడ్కర్ మనిషిని పెట్టారు. ఇద్దరిలో ఎవరు అని క్లాసులో అడిగేవారు. నా జవాబు దాచుకోలేదు, అంబేడ్కరే. బాధ అనుభవించేది మనిషి. ఊరికి కడుపునొప్పి రాదు, జాతికి ఆకలి వేయదు. ఎం.ఎన్. రాయ్ మానవవాదంలో ఈ సంగతి సూటిగా ఉంటుంది, మన తెనాలి, చీరాల ప్రాంతాల్లో ఆ ఆలోచన నాటుకుంది కూడా. మనిషి కోసమే మిగతా రెండూ. అయితే మనిషి ఒంటరిగా నిలబడలేడన్నది కూడా అంతే నిజం.

ఇంగ్లండు తత్వవేత్త మిల్ 1859లో ఒక మాట చెప్పాడు. సమాజం పెట్టే బలవంతం చాలా రకాల ప్రభుత్వ అణచివేతల కంటే భయంకరమైనది, ఎందుకంటే అది రోజువారీ బతుకులోకి చొరబడుతుంది, తప్పించుకునే దారులు తక్కువగా ఉంచుతుంది అని. మీ నాన్నగారి "నలుగురు" ఆ మాటకు సరిగ్గా సరిపోతారు. పోలీసువాడు రాత్రి పదింటికి మీరు ఏ బట్టలు వేసుకున్నారో చూడడు, పక్క ఫ్లాటువాళ్ళు చూస్తారు.

నా విద్యార్థుల్లో ఒక జంట సంగతి చెబుతాను. వేర్వేరు కులాలు, ఇద్దరూ మేజర్లు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ చట్టం ప్రకారం నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేలా అంటించాలి, 30 రోజులు ఆగాలి. అంటించిన మూడో రోజున ఎవరో చూసి అమ్మాయి ఇంటికి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి నాలుగు నెలలు గడప దాటలేదు. నలుగురి నుంచి కాపాడమని రాజ్యం దగ్గరికి వెళితే, రాజ్యమే గోడ మీద అంటించి నలుగురికీ చెప్పింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఇలా నోటీసు ప్రచురించడం తప్పనిసరి కాదని, అది ఆ జంట ఇష్టమని చెప్పింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది.

తర్వాత వాళ్ళిద్దరూ ఇంకో జిల్లాలో గది అద్దెకు తీసుకుని మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్నారు. ముగ్గురు సాక్షులు కావాలి. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. అప్పుడు నాకు తట్టింది. ఇంత వ్యక్తిగతమైన పనికి కూడా చట్టం ముగ్గురు మనుషులను తెచ్చుకోమంటుంది. ఒక నలుగురి నుంచి బయటపడాలంటే ఇంకో నలుగురు కావాలి. గోరా, సరస్వతి గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడ పటమటకు తెచ్చిన నాస్తిక కేంద్రం ఎంతోమందికి ఆ ఇంకో నలుగురు అయింది. వాళ్ళ దేవుడి వాదనతో మీకు పని లేకపోయినా ఈ సంగతి గమనించండి. కులం కాదన్నవాళ్ళకు కూర్చోబెట్టి అన్నం పెట్టే చోటు ఒకటి ఉండాలి. స్వేచ్ఛకు చట్టం ఎంత అవసరమో ఆ అన్నం అంత అవసరం.

కొన్నేళ్ళకు ఆ అమ్మాయి తమ్ముడి పెళ్ళయింది. శుభలేఖలో అక్కల పేర్లు వేశారు, తన పేరు వేయలేదు. "దీనికి కేసు వేయలేం కదా సార్" అంది. వేయలేం. వేయగలిగే రాజ్యం వస్తే దానికి కూడా నేను భయపడతాను. శుభలేఖలో ఎవరి పేరు ఉండాలో చెప్పే అధికారం ఇస్తే, రేపు అది పెళ్ళికి ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో కూడా చెబుతుంది. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, అరెస్టయినవాడు ప్రాణం కోసం కూడా కోర్టుకు రాలేడని మన సుప్రీంకోర్టే చెప్పింది. జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పును కొట్టేయడానికి 2017 దాకా పట్టింది.

అయితే గీత ఎక్కడ గీయాలి? పిలవకపోవడం, మాట్లాడకపోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. పని ఇవ్వకుండా చేయడం, నీళ్ళు ఆపడం, చావుకు రాకుండా అందరినీ కట్టడి చేయడం వేరు. ఒక మనిషి బతుకు తలుపులన్నీ నలుగురూ కూడబలుక్కుని మూసేస్తే అక్కడ రాజ్యం వచ్చి తీరాలి. మన కోర్టులు కూడా ఈ గీత దగ్గర తడబడ్డాయి. బొంబాయి రాష్ట్రం 1949లో కులబహిష్కారాన్ని, మతబహిష్కారాన్ని నిషేధిస్తూ చట్టం చేస్తే, ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోరాల మతపెద్ద వేసిన కేసులో 1962లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మతస్వేచ్ఛ సమూహానికా, సమూహంలోని మనిషికా అన్న ప్రశ్న అది. 2023లో ఆ ప్రశ్నను తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనానికి పంపారు. నా మటుకు నాకు మనిషిదే మొదటి హక్కు.

ఇక మీ నాన్నగారు. ఆయన భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. అర్ధరాత్రి ఆసుపత్రికి తోడొచ్చేవాళ్ళు, అవసరానికి అప్పిచ్చేవాళ్ళు, చివరికి మోసేవాళ్ళు ఆ నలుగురిలోంచే రావాలని ఆయనకు తెలుసు. ఆయన తరంలో రాజ్యం ఆ పనులేవీ చేయలేదు. మీరు చేయాల్సింది ఒక్కటే. కోపంగా కాకుండా నెమ్మదిగా, ఆ నలుగురి పేర్లు అడగండి.

మా ఇంట్లో 1984లో మా అమ్మ అడిగింది. సింగ్‌నగర్‌లో ఉన్న మా అక్క వేరే కులం అతన్ని చేసుకుంటానన్నప్పుడు నాన్న రెండు నెలలు అన్నం సరిగ్గా తినలేదు. "నలుగురిలో తలెత్తుకోలేను" అనేవారు. "ఎవరా నలుగురు? పేర్లు చెప్పండి" అంది అమ్మ. చాలాసేపు ఆలోచించి నాన్న మా పెదనాన్న పేరు చెప్పారు. ఆ తర్వాత ఇంకో పేరు రాలేదు. అమ్మ పెదనాన్నతో నేరుగా మాట్లాడేది కాదు, పెద్దమ్మ చేత అడిగించింది. ఆయన చెప్పి పంపింది ఇంతే: "నాకేం అభ్యంతరం లేదు. వాడికి ఇష్టం లేదేమోనని నేనే నోరు మెదపలేదు."